చాయ్ సస్తా అయినా గుస్సా ఎందుకు?

తార్నాకా చౌరస్తాలో పొద్దున పదకొండు గంటలకు ఏ ఇరానీ హోటల్లో కూర్చున్నా పక్క టేబుల్ మీద పోటీ పరీక్షల పుస్తకం ఒకటి కనబడుతుంది. యూనివర్సిటీ లైబ్రరీలో కుర్చీ దొరకని పిల్లలు ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్ల మీద గంటలు గంటలు చదువుకుంటారు. మొన్న నా పక్కన కూర్చున్న పిల్లవాడిది సూర్యాపేట దగ్గర ఊరు. సివిల్స్‌కు తయారవుతున్నాడు. నేను ఉర్దూ అఖ్బార్ తిరగేస్తుంటే కాసేపు చూశాడు. జర్నలిస్టునని తెలిశాక తన నోట్సు నా వైపు జరిపాడు.

"అన్నా, ఒకటి సమజైతలేదు. కంపెనీ చాయ్‌పత్తీ రేటు తగ్గించిందని రాసి ఉంది. అగ్గువకొస్తే ఎవడన్న ఖుష్ అయితడు గద. అమెరికోళ్లు సముద్రంల ఎందుకు పారబోసిండ్రు?"

మా ఉర్దూ మీడియం స్కూల్లో తవారీఖ్ కితాబు ఈ సంగతిని ఒక్క పేరాలో తేల్చేసింది. ఇంగ్లాండు టాక్స్ వేసింది, జనం నారాజ్ అయ్యారు, జంగ్ జరిగింది, ఆజాదీ వచ్చింది. పన్ను ఎక్కువైతే కోపం వస్తుంది, అంతే కదా అనుకున్నాం. ఆ రోజు ఆ పిల్లవాడికి సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

1756 నుంచి 1763 దాకా ఫ్రాన్స్‌తో ఏడేళ్ల జంగ్ నడిచింది. గెలిచింది ఇంగ్లాండే కానీ ఖజానా ఖాళీ. కర్జ్ 13 కోట్ల పౌండ్ల దగ్గరికి పోయింది. జంగ్ అయిపోయాక కూడా అమెరికాలో దాదాపు పది వేల ఫౌజు ఉంచాలని లండన్ అనుకుంది. ఫౌజు మీ హిఫాజత్ కోసమే కాబట్టి ఖర్చులో కొంత మీరు భరించండి అంది. కాలనీల జనానికి మొదటి అనుమానం ఇక్కడే వచ్చింది. ఫ్రెంచివాళ్లు ఓడిపోయి వెళ్లిపోయాక ఈ పహరా ఎవరి మీద? అదే 1763లో, అపలేచియన్ కొండలు దాటి పడమటి భూముల్లోకి పోవద్దని రాజు ఫర్మానా కూడా వచ్చింది. ఆ భూములు అక్కడి ఆదివాసులవి. వలస వచ్చినవాళ్ల కన్ను వాటి మీద ఎప్పటి నుంచో ఉంది. పుస్తకాలు ఈ రెండో కారణాన్ని చిన్న అక్షరాల్లో రాస్తాయి.

1765లో స్టాంపు చట్టం తెచ్చారు. కోర్టు కాగితాలు, దస్తావేజులు, అఖ్బార్లు, చివరికి పేకముక్కల మీద కూడా ముద్ర వేసిన కాగితమే వాడాలి. ఇంగ్లాండులో ఈ స్టాంపు పన్ను 1694 నుంచే ఉంది. అక్కడి మామూలు మనిషి కట్టేదానితో పోలిస్తే అమెరికా వాడు కట్టేది చాలా తక్కువ. కానీ ఈ పన్ను సూటిగా పోయి తగిలింది ఎవరికి? వకీళ్లకు, అఖ్బార్ నడిపేవాళ్లకు. ఊళ్లో అందరికన్నా గట్టిగా మాట్లాడేవాళ్లు వీళ్లే. మా బిరాదరీ మీద టాక్స్ వేసి ఖామోష్‌గా ఉండమంటే ఎవరుంటారు! ఏడాది తిరక్కుండానే, 1766 మార్చిలో, చట్టాన్ని వాపస్ తీసుకున్నారు. వాపస్ తీసుకుంటూనే ఇంకో చట్టం చేశారు. ఏ విషయంలోనైనా మీ మీద చట్టం చేసే హక్ మాకుంది అని. డబ్బు వదులుకున్నారు గానీ హక్ వదులుకోలేదు. అటుపైన గాజు, కాగితం, రంగులు, సీసం, చాయ్ మీద పన్నులు. గొడవ ముదిరాక 1770లో అన్నీ తీసేసి చాయ్ మీద ఒక్కటి మాత్రం ఉంచారు. పౌను చాయ్‌పత్తీకి మూడు పెన్నీలు.

1773 నాటికి ఈస్టిండియా కంపెనీ దివాలా అంచుకొచ్చింది. లండన్ గోదాముల్లో కోటి డెబ్బై లక్షల పౌన్ల చాయ్‌పత్తీ పేరుకుపోయింది. పార్లమెంటు కంపెనీకి 14 లక్షల పౌండ్ల కర్జ్ ఇచ్చి, చాయ్‌ని నేరుగా అమెరికాలో అమ్ముకునే రాయితీ కూడా ఇచ్చింది. దాంతో మూడు పెన్నీల పన్ను కలిపినా కంపెనీ చాయ్, దొంగచాటుగా వచ్చే డచ్చి చాయ్ కన్నా సస్తా అయ్యింది. దొంగచాటు వ్యాపారం మీద బతికే బోస్టన్ షావుకార్ల కడుపు మండింది. వాళ్ల ఖుద్‌గర్జీని దాచాల్సిన పని లేదు. మిగతా జనం సంగతి వేరు. చాయ్ కొన్న ప్రతివాడూ మూడు పెన్నీలు కట్టినట్టే, కడితే ఆ హక్‌ను ఒప్పుకున్నట్టే. సస్తా చాయ్ వాళ్లకు ఎరలా కనబడింది. డిసెంబర్ 16 రాత్రి 342 పెట్టెలు బోస్టన్ రేవులో మునిగాయి. అందులో ఉన్నది చీనా నుంచి వచ్చిన చాయ్. అస్సాం తోటలు ఇంకా పుట్టలేదు.

కంపెనీ దివాలా అంచుకు ఎందుకొచ్చిందో చూస్తే కథ మన వైపు తిరుగుతుంది. 1769లో హైదర్ అలీ ఫౌజు మద్రాసు గుమ్మం దాకా వచ్చి సుల్హ్ రాయించుకుంది. 1770లో బెంగాల్‌లో ఘోరమైన కరువు. మనుషులు లక్షల్లో రాలిపోతుంటే కంపెనీ లగాన్ వసూలు ఆపలేదు. ఈ ఖబర్లు అమెరికా అఖ్బార్లకు చేరాయి. 1773లో జాన్ డికిన్సన్ అనే వకీలు, హిందుస్తాన్‌లో జనాన్ని ఆకలికి చంపిన కంపెనీ ఇప్పుడు మన గుమ్మంలోకి వస్తోందని మారుపేరుతో రాశాడు. బోస్టన్ వాడి గుస్సాలో బెంగాల్ రయ్యతు చావు కూడా కొంత కలిసి ఉంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు నిద్రపట్టలేదు.

ఇక మన తెలుగు నేల. బోస్టన్ చాయ్ మునిగే నాటికి కంపెనీ మచిలీపట్నంలో కోఠీ పెట్టుకుని 162 ఏళ్లు. అమెరికా మీద స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే, ఆగస్టులో, మొగల్ బాద్షా షా ఆలం దగ్గర క్లైవ్ బెంగాల్ దివానీతో పాటు ఉత్తర సర్కార్ల మీద కూడా సనదు రాయించుకున్నాడు. ఉత్తర సర్కార్లంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న కోస్తా. ఆ సర్కార్లు మావి, ఇవ్వడానికి బాద్షా ఎవరు అని నిజాం అలీ ఖాన్ మండిపడ్డాడు. 1766 నవంబర్‌లో హైదరాబాద్‌లో రాజీ కుదిరింది. రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ సర్కార్లకు ఏటా 5 లక్షలు, శ్రీకాకుళం, గుంటూరు సర్కార్లకు చెరో 2 లక్షలు, మొత్తం 9 లక్షల రూపాయల పేష్కష్ కంపెనీ నిజాంకు కడుతుంది. తర్వాతి ఒప్పందాల్లో ఈ రకం తగ్గింది. 1823లో కోటీ పదహారు లక్షల పైచిలుకు ఒకేసారి చెల్లించి కంపెనీ దాన్ని కూడా తెంపేసుకుంది. అమెరికా వాడు కనీసం అడగడానికి పార్లమెంటు అనే ఒక గుమ్మమైనా ఉంది. చేతులు మారిన కోస్తా రైతుకు ఏ గుమ్మం ఉంది?

మధ్యలో ఒక మాట. తెలుగులో పన్ను అంటే నోట్లో పన్ను కూడా, రెండింటినీ పీకేటప్పుడే నొప్పి తెలుస్తుంది. మిగతా మాటలన్నీ మావైపు నుంచి వచ్చినవే. వసూలు, బాకీ, కిస్తు, జప్తు, రసీదు, జమాబందీ, తహసీల్దార్. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు ఈ మాటలు చూసి, నా ఉర్దూ తెలుగుకు ఇంత ఇచ్చిందా అని ఫఖర్‌గా ఉండేది. ఏం ఇచ్చిందో తర్వాత సమజయ్యింది.

అమెరికాలో మొదలైన ఫౌజు ఖర్చు తగాదా ఇక్కడ ఇంకా పెద్దదిగా నడిచింది. 1798 సెప్టెంబర్‌లో నిజాం అలీ ఖాన్ కంపెనీతో ఒప్పందం మీద ముద్ర వేశాడు. ఫ్రెంచి సర్దార్ రేమండ్ తయారుచేసిన పటాలాలను రద్దు చేయాలి. వాటి జాగాలో కంపెనీ ఫౌజు ఉంటుంది. దాని కోసం నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. 1800లో నగదుకు బదులు జమీనే ఇచ్చేశారు. బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు వైపు భూములు అలా పోయాయి. దత్తమండలాలు అన్నారు. 1928లో రాయలసీమ అనే పేరు వచ్చేదాకా ఆ పేరే నడిచింది. మనుషులను, పొలాలను, చెరువులను కలిపి ఫౌజు తన్‌ఖా కింద ఇచ్చేశారు. కోఠీలో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించుకున్న హవేలీ ఖర్చు కూడా నిజాం ఖజానాదే.

అంతటితో ఆగితే బాగుండేది. హెన్రీ రస్సెల్ రెసిడెంటుగా ఉన్న కాలంలో ఇంకో ఫౌజు పుట్టింది. మొదట రస్సెల్ బ్రిగేడ్, తర్వాత హైదరాబాద్ కంటిన్జెంట్. అఫ్సర్లు ఇంగ్లీషువాళ్లు, హుకుం రెసిడెంటుది, తన్‌ఖా నిజాంది. ఖర్చు ఏటా 40 లక్షల దాకా. పేష్కారు చందూలాల్ ఈ డబ్బు కోసం పామర్ కంపెనీ దగ్గర భారీ సూదుకు కర్జ్ తెచ్చాడు. సూదు కట్టడానికి తాలూకాల మహసూలును గుత్తకిచ్చాడు. గుత్త పట్టినవాడు ఊరి మీద పడ్డాడు. 1800 నాటి ఒప్పందం ప్రకారం నిజాం ఈ కంటిన్జెంట్‌ను పోషించాల్సిన బాధ్యత లేదని గవర్నర్ జనరల్ డల్హౌసీ స్వయంగా తన కాగితాల్లో ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా బాకీ అడిగాడు. 1853 మే 21న నాసిరుద్దౌలా మీద ఒత్తిడి తెచ్చి బేరార్, ధారాశివ్, రాయచూర్ దోఆబ్ రాయించుకున్నారు. కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ కన్నుమూశాడు. ఆ గద్దె ఎక్కిన అతని భతీజా సాలార్ జంగ్‌కు 24 ఏళ్లు.

బేరార్ అంటే నల్లరేగడి, పత్తి. 1861లో అమెరికాలో అన్నదమ్ముల జంగ్ మొదలై అక్కడి పత్తి ఆగిపోతే, లాంకషైర్ మిల్లులు బేరార్ మీద పడ్డాయి. ఫౌజు ఖర్చు పోను మిగిలింది నిజాంకు వాపస్ ఇస్తామని ఒప్పందంలో ఉంది. మిగిలేది ఎంతో లెక్క రాసేది వాళ్లే. సాలార్ జంగ్ 1876లో లండన్ దాకా పోయాడు. దావతులు బాగా ఇచ్చారు, బేరార్ ఇవ్వలేదు. 1902లో కర్జన్ వచ్చి, ఏటా 25 లక్షల కిరాయికి శాశ్వతంగా తీసుకున్నాడు. 1936లో ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుక్కి ప్రిన్స్ ఆఫ్ బేరార్ అనే ఖితాబు దొరికింది. జమీన్ దొరకలేదు.

మన దగ్గర గుస్సా ఎప్పుడు రోడ్డెక్కింది? 1857లో ఔరంగాబాద్‌లో కంటిన్జెంట్ సవార్లే తిరగబడ్డారు. వాళ్లలో చీదా ఖాన్ అనే జమాదార్ తన మనుషులతో హైదరాబాద్ వస్తే, సాలార్ జంగ్ పట్టి రెసిడెన్సీకి అప్పజెప్పాడు. జూలై 17, జుమ్మా రోజు, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రోహిల్లాలను వెంటేసుకుని రెసిడెన్సీ మీదికి పోయారు. తోపుల ముందు నిలవలేకపోయారు. అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు. ఖైదు నుంచి తప్పించుకున్న తుర్రేబాజ్‌ను 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, లాష్‌ను పట్నంలో వేలాడదీశారు. ఇప్పటికీ ఎవరైనా రోషంగా మాట్లాడితే "పెద్ద తుర్రంఖాన్‌వా?" అంటాం. ఆ మాట ఇతని పేరు నుంచే వచ్చిందంటారు. నవ్వుతూ అనేస్తాం.

ఆ కంటిన్జెంట్‌లో మిగిలిన పటాలాలు మరుసటి ఏడు హ్యూ రోజ్ వెంట ఝాన్సీకి, కాల్పీకి, గ్వాలియర్‌కు పోయి ఇంగ్లీషువాళ్ల కోసం లడాయి చేశాయి. బేరార్ రైతు కట్టిన లగాన్ ఝాన్సీ రాణి మీద బారూదయ్యింది. అమెరికా వాళ్లు పది వేల ఫౌజును చూసి దేనికి భయపడ్డారో, అది ఇక్కడ అక్షరాలా జరిగింది. నీ డబ్బుతో పెట్టిన ఫౌజు నీ మర్జీ అడగదు.

ఇదంతా కొంచెం కొంచెంగా హోటల్లో చెబుతుంటే సూర్యాపేట పిల్లవాడు శ్రద్ధగా విన్నాడు. విన్నాక అడిగాడు.

"నిజాంను ఇంగ్లీషోడు అడగలే. సరే అన్నా. మా తాతను నిజాం అడిగిండా? లేవీ అని ఇంట్ల గింజలన్నీ ఊడ్చుకపోయిండ్రని మా నాయనమ్మ చెప్పేది."

నా దగ్గర జవాబ్ లేదు. ఉన్నా అది సఫాయీ ఇచ్చుకున్నట్టే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హైదరాబాద్ రియాసత్‌లో రైతుల దగ్గర ధాన్యం లేవీ జబర్దస్తీగా వసూలు చేశారు. దేశ్‌ముఖులు తప్పించుకున్నారు, చిన్న రైతు కొట్టంలో గింజ మిగల్లేదు. వెట్టి సరేసరి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖు గూండాలకు ఎదురు నిలబడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటా తిని పడిపోయాడు. అక్కడ వసూలు చేసినవాడు లండన్ వాడు కాడు. రసీదు మీద ఉన్నది నా జబాన్.

ఈ సంగతి మాట్లాడటం మాలో చాలామందికి కష్టం. నాకూ కష్టమే. ఆ హోటల్ నుంచి అయిదు నిమిషాలు నడిస్తే యూనివర్సిటీ. 1918లో ఉర్దూ మీడియంలో మొదలైంది. ఒక దేశీ జబాన్‌లో డాక్టరీ, ఇంజినీరింగ్ దాకా నేర్పింది. 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచారు. ఆ మెట్ల మీద కూర్చుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది. ఆ రాళ్లకు డబ్బు కట్టినవాళ్లలో సగానికి దగ్గర తెలుగు మాట్లాడేవాళ్లు, మిగతావాళ్లలో మరాఠీ, కన్నడ రైతులు. వాళ్ల పిల్లలకు ఆ మెట్లు ఎక్కాలంటే ముందు నా జబాన్ నేర్చుకోవాలి. ఫఖర్, షరమ్ రెండూ ఒకే మెట్టు మీద కూర్చుంటాయి. కంపెనీ మనల్ని దోచిందని రాసేటప్పుడు చాలా ఏళ్లు ఆ "మనం"లో సూర్యాపేట రైతును కూడా ఆయన్ను అడక్కుండానే కలిపేశాను.

అమెరికా వాళ్లకూ ఇదే లెక్క ఉంది. దాని పేరు రోజూ మా బస్టాప్ బోర్డు మీద చదువుకుంటాను. తార్నాకా నుంచి ఉప్పల్ దారి పట్టి కొంచెం ముందుకు పోతే హబ్సిగూడ. తార్నాకా అంటే తారు కంచె, దాని పక్కన నాకా అంటారు. హబ్సిగూడ అంటే హబ్షీలుండే చోటు అంటారు. హబ్షీ అంటే అబిసీనియా వాడు, ఆఫ్రికా మనిషి. నిజాం దగ్గర ఆఫ్రికన్ సవార్ల పటాలం ఉండేది, మాసాబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ వాళ్ల పేరు మీదే. దక్కన్‌లో హబ్షీల కథ అంతకన్నా పాతది. గులాంగా అమ్ముడుపోయి వచ్చిన మలిక్ అంబర్ అహ్మద్‌నగర్ సల్తనత్‌ను నడిపాడు. ఔరంగాబాద్‌గా మారిన ఖడ్కీ నగరాన్ని 1610లో వేసింది అతనే. జహంగీర్ ఫౌజులను 1626లో చచ్చేదాకా నిలబెట్టాడు. అతని లగాన్ బందోబస్తు కూడా మంచి పేరు తెచ్చుకుంది.

అదే కాలంలో సముద్రానికి అవతల ఆఫ్రికా మనుషులను వేరే గులాంగిరీలోకి దింపుతున్నారు. 1775 నాటికి 13 కాలనీల్లో 25 లక్షల జనం ఉంటే, అందులో 5 లక్షల మంది గులాములు. పార్లమెంటు మమ్మల్ని గులాములను చేస్తోందని పేజీలకు పేజీలు రాసిన పెద్దమనుషుల్లో చాలామంది పొగాకు తోటల్లో పని చేసింది వాళ్లే. జెఫర్సన్ 1776లో ఆజాదీ ఎలాన్ రాసేటప్పుడు గులాముల వ్యాపారం మీద ఒక పేరా పెట్టాడు. కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది. జెఫర్సన్ దగ్గరే జిందగీ మొత్తం మీద ఆరు వందల మందికి పైగా గులాములు ఉన్నారు. 1770 మార్చి 5న బోస్టన్‌లో ఇంగ్లీషు సిపాయిలు కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు. ముందు పడిపోయిన క్రిస్పస్ ఆటక్స్ ఒంట్లో ఆఫ్రికా రక్తం, ఆదివాసీ రక్తం రెండూ ఉన్నాయి. మూడు పెన్నీల కోసం జంగ్ చేసినవాళ్లు అతని బిరాదరీని ఇంకో తొంభై ఏళ్లు గొలుసులోనే ఉంచారు. 1775లో వర్జీనియా ఇంగ్లీషు గవర్నర్, బాగీ యజమానులను వదిలి మా ఫౌజులోకి వస్తే ఆజాదీ ఇస్తామని ఎలాన్ చేస్తే, వందల మంది గులాములు పారిపోయి ఆ వైపు చేరారు. వాళ్లకు ఎవరు జాలిమ్, ఎవరు ఆజాదీ ఇచ్చేవాడు?

ఇది చెప్పాక ఆ పిల్లవాడు చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. "పదిహేను మార్కుల జవాబుల ఇదంతా పట్టదన్నా" అన్నాడు. పట్టదు. స్టాంపు చట్టం, చాయ్ చట్టం, ప్రతినిధులు లేని పన్ను, ఇవి రాస్తే మార్కులు వస్తాయి, అవే రాయమన్నాను.

లేచేముందు ఇంకో ఖబర్ చెప్పాను. నిజాం ఖజానా డబ్బుతో కట్టిన కోఠీ రెసిడెన్సీ, తుర్రేబాజ్ తోపులకు ఎదురెళ్లిన ఆ గేటు, తర్వాత విమెన్స్ కాలేజీ అయ్యింది కదా. యూనివర్సిటీ అయ్యాక 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పిల్లవాడికి అది తెలుసు, వాళ్ల చెల్లె అక్కడే చదువుతుందట. రెసిడెన్సీ సంగతే తెలియదు. నోట్సులో 1773 పక్కన, మార్జిన్లో, పెన్సిల్‌తో 1853 అని రాసుకుని బ్యాగు సర్దుకున్నాడు.